అప్పన్నకి బాకీ

నేను: ఆఁ, రికార్డవుతోంది బావా. అందరికీ నమస్కారం, ఈసారి ఒడిశా బరంపురంలో మా అక్కావాళ్ల మేడ మీద కూర్చున్నాం, కింద మగ్గం ఆడుతోంది, ఆ చప్పుడు మధ్యమధ్యలో వస్తే సర్దుకోండి. అక్కకి రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. పక్కనున్న మనిషి ఈ నెలలన్నీ ఏం పట్టుకుని నెట్టుకొచ్చాడో అడుగుదామని బావని కూర్చోబెట్టాను.

బావ: నమ్మకం గురించి నన్ను అడుగుతున్నావేటి? గుడికి తీసుకెళ్తే నేను చెప్పుల దగ్గర కాపలా కూర్చునే రకం.

నేను: అందుకే మిమ్మల్ని అడిగేది. అమ్మని అడిగితే గంటన్నర స్తోత్రాలే వస్తాయి.

బావ: (నవ్వు) వస్తాయి వస్తాయి. అసలు ఎక్కడ వైద్యం చేయించాలి అన్న దగ్గరే మాకు పెద్ద గొడవ కదా. కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, అక్కడికే వెళ్లమని మా వీధంతా చెప్పింది. మీ అక్కకి ఒడియా నాకంటే బాగా వచ్చు, అయినా నొప్పి సంగతి మాత్రం నేను తెలుగులోనే చెప్పగలను అంది. ఇంకేటి మాట్లాడతాం, విశాఖపట్నమే.

నేను: రైల్లోనే కదా తిరిగారు.

బావ: రైలే. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం, ఆ స్టేషన్లన్నీ నాకు నిద్రలో కూడా వస్తాయిప్పుడు. అన్నట్టు ఇది చాలామందికి తెలీదు, క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్లో టికెట్ డబ్బులు ఉండవు, తోడెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు, డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాలి. నాకు రెండో ట్రిప్పు దాకా ఎవరూ చెప్పలేదు.

నేను: మొదటి కీమో అయ్యాక ఫోన్ చేశారు చూడండి, నాకింకా గుర్తే.

బావ: ఆ ఎర్రమందు, డాక్సోరుబిసిన్ అంటారు. తిరుగు రైల్లో బాత్రూమ్‌కి వెళ్లొచ్చి మీ అక్క తెల్లగా పాలిపోయింది, ఎర్రగా వస్తోంది, రక్తం పడుతోంది అంటుంది. నాకు కాళ్లు ఆడలేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే నర్సమ్మ, మందు రంగే బాబూ, ఒకట్రెండు రోజులు అలాగే వస్తుంది అంది. ముందే ఆ ఒక్క ముక్క చెప్పుంటే పోయేదేటి! ఆ రాత్రి ఎదురు బెర్తులో కూర్చుని మొట్టమొదటిసారి దండం పెట్టుకున్నాన్రా. ఎవరికి పెట్టుకున్నానో కూడా తెలీదు.

నేను: ఏమని?

బావ: తగ్గిపోవాలి స్వామీ అని. తర్వాత తర్వాత అంత పెద్దది అడగడం మానేశాను, అంత పెద్ద కోరిక రోజూ మొయ్యడానికి ఓపిక ఉండదు. 21 రోజులకోసారి మందు, అలా నాలుగుసార్లు, షాపులో క్యాలెండర్ మీద సున్నాలు చుట్టుకున్నాను. 21వ రోజుకి కౌంటు, అంటే రక్తంలో తెల్లకణాల లెక్క, పెరగాలి. సూదికి నరం బేగి దొరకాలి. ఇవాళ రెండు ఇడ్లీలు లోపల నిలవాలి. అవే నా కోరికలు.

నేను: ఆవకాయ గొడవ చెప్పండి.

బావ: అయ్యో, అది! మందుకి నోరంతా ఇనుము నాకినట్టుంటుందట, ఏం తిన్నా సయించదు, ఆవకాయ కావాలని ఒకటే గోల. బరంపురంలో ఉండి పచ్చడీ అప్పడం లేకుండా ఎలగ తింటారు ఎవరైనా! మాకేమో కౌంటు తగ్గిన రోజుల్లో పచ్చివీ నిలవవీ వద్దన్నారు. మీ అమ్మ జాడీని అటక మీద దాచేసింది, ఇది స్టూలేసుకుని ఎక్కింది. గుండు తలతో అటక మీద దొరికిపోయింది.

అక్క: (లోపల్నుంచి) అది మాత్రం చెప్పకండి!

నేను: అక్కా నువ్వూ రా, ఇక్కడ ఇంకో కుర్చీ ఉంది.

బావ: రాదు, వింటుంది. ఇక ఆ పొడి సంగతి. తెలిసినాయనే, పేరెందుకులే, ఇంటికొచ్చి ఈ వేర్లపొడి 40 రోజులు వాడండి, కీమో ఆపెయ్యండి, నమ్మకం ఉంటే చాలు అన్నాడు. ఇంట్లో సగం మంది ఊగిపోయారు. డాక్టరుని అడిగితే అలాంటివి కొన్ని లివర్ మీద కొడతాయి, మా మందుతో ఏం కలిసి ఏమవుతుందో నేను పూచీ పడలేను అన్నారు. నేను ఇచ్చేశాను తిరిగి. నాకు మంట పుట్టింది పొడికి కాదు. నమ్మకం లేక వద్దంటున్నారు అని ఆమె మొహం మీదే అని వెళ్లిపోయాడు. సెలైన్ స్టాండు పట్టుకుని నడిచేదానికా నమ్మకం లేనిది!

నేను: జుట్టు ఊడినప్పుడు అమ్మ బాగా ఏడ్చింది కదా.

బావ: మీ అమ్మ ఏడ్చింది జుట్టుకి కాదురా, మొక్కుకి. రోగం తెలిసిన రోజే సింహాచలం అప్పన్నకి కూతురి తలనీలాలు ఇస్తానని మొక్కేసింది. రెండు వారాలు దాటగానే జుట్టంతా దిండు మీదే. మాట ఇచ్చి ఎగ్గొట్టినట్టయింది, ఊడిపోయిన జుట్టు లెక్కకొస్తుందా రాదా అని నాలుగు రోజులు తిండి మానేసింది. అప్పుడు మీ అక్క ఏమందో తెలుసా, మందులయ్యాక మళ్లీ వస్తుంది కదమ్మా, అప్పుడిస్తాను, అప్పన్నకి తొందరేం లేదులే అంది. నేను పట్టుచీరల వ్యాపారం చేసేవాణ్ణి, ఖాతా బాకీ అంటే ఏంటో నాకు తెలుసు. బాకీ ఉందంటే తీర్చే రోజొకటి ఉన్నట్టే కదా. ఆ లెక్క నాకెక్కింది. స్తోత్రాలు ఎక్కలేదు గానీ.

నేను: జాత్రా కూడా అదే టైములో వచ్చింది.

బావ: మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి జాత్రా రెండేళ్లకోసారే కదా, అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు. సరిగ్గా రెండో కీమో అయిన తొమ్మిదో రోజు, రాత్రి రెండింటికి ఒళ్లు కాలిపోతోంది, 101. మాకు కాగితం మీద రాసిచ్చారు, 100.4 దాటితే మాత్రేసి పడుకోబెట్టొద్దు, వెంటనే ఆస్పత్రి అని. వీధినిండా వేషాలు, డప్పులు, ఆటో కదలదు. మీ అమ్మ బొట్టు పెట్టి అమ్మవారికి మొక్కుతుంటే నేను అరిచేశాను, ముందు ఎక్కండి అని. ఊళ్లోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. న్యూట్రోఫిల్స్, అదే రోగాన్ని ఆపే తెల్లకణాలు, 500 కంటే కిందున్నాయి, యాంటీబయాటిక్ వెంటనే ఎక్కించారు. ఇంకో పూట ఆగుంటే ఏమయ్యేదో అన్నారు. మీ అమ్మ అమ్మవారే లేపింది అంటుంది, నేను థర్మామీటరు లేపింది అంటాను.

నేను: అక్క ఏమంటుంది?

అక్క: (దగ్గరగా) దోమ లేపింది. దోమ కుట్టి లేచి చూసుకుంటే జ్వరం.

నేను: (నవ్వు) వచ్చేశావా.

అక్క: ఆయన సగమే చెప్తారు. ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మవారి ఘటాలు ఊరేగింపుగా మన వీధిలోకి వచ్చాయిరా. జనంలోకి వెళ్లొద్దన్నారు కదా, మాస్కు పెట్టుకుని ఈ కిటికీ దగ్గరే నిలబడ్డాను. కింద చూస్తే ఈయన, జన్మలో గుడి మెట్లెక్కనాయన, ఘటం ముందు చెప్పులు విప్పి నిలబడ్డారు.

బావ: కాళ్లు తొక్కుతారని విప్పాను.

అక్క: ఓహో.

నేను: ఇప్పుడెన్నోది అక్కా?

అక్క: ఇప్పుడు వారం వారం ఇచ్చేది, పాక్లిటాక్సెల్, 12లో ఏడయ్యాయి. వేళ్లు తిమ్మిరెక్కి పోగు ముడెయ్యడం రావట్లేదు, ఆ పోగులు ఈయన వేస్తున్నారు, చూడాలి ఆ ముళ్లు.

బావ: ముడి పడిందా లేదా?

అక్క: పడింది. చీర కొన్నవాళ్లు తిడతారంతే. సరే ఆపండి ఇంక, తొమ్మిదికి బ్లడ్ టెస్టుకి వెళ్లాలి, జోళ్లు ఎక్కడ పెట్టారు?