పాత ఎంజీబీ హెడ్‌లైట్లకు మళ్లీ వెలుగు: 25 పౌండ్లలో రిలేలు

[చీకటి గ్యారేజీ. గోడ మీద హెడ్‌లైట్ల పసుపు వెలుతురు.]

గోడ మీద ఆ వెలుతురు చూడండి. బల్బులు కొత్తవి, బ్యాటరీలు కూడా కొత్తవే. అయినా గుడ్డి దీపంలా ఉంది కదా!

ఇది నా 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు తీసేయగలిగే రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంగ్లండ్‌లోని యాబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా, గట్టి పైకప్పు ఉన్న జీటీ మోడల్‌తో కలిపి, 5 లక్షలకు పైగా తయారైన కారు. అందుకే దీనికి పార్టులు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి.

ఇలాంటి కారు కొనగానే చాలామంది క్రోమ్ చక్రాల మీద, చెక్క స్టీరింగ్ మీద డబ్బు పెడతారు. నా మాట వినండి, మొదటి ఖర్చు వైరింగ్ మీద పెట్టండి. రాత్రిపూట రోడ్డు కనపడాలి కదా.

[మల్టీమీటర్ దగ్గరగా.]

ఇంజన్ నడుస్తూ లైట్లు వేసి ఉండగా బ్యాటరీల దగ్గర 13.6 వోల్టులు. అదే బల్బు పిన్నుల దగ్గర 12 మాత్రమే. ఇంత చిన్న తేడాకే వెలుతురులో దాదాపు మూడో వంతు పోయింది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుంది.

ఆ వోల్టులు ఎక్కడికి పోయాయి? ఫ్యాక్టరీ వైరింగ్‌లో హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్, డిప్ స్విచ్ (బీమ్‌ను కిందికీ పైకీ మార్చేది), బుల్లెట్ కనెక్టర్లు (వైర్లను కలిపే గుండ్రటి పిన్నులు) దాటుకుని రావాలి. డిప్‌లోనే, అంటే కింది బీమ్‌లోనే, 9 ఆంపుల దాకా ఉంటుంది. యాభై ఏళ్ల చిలుము పట్టిన ప్రతి జాయింటూ కొంత తినేస్తుంది. పైగా ఈ సర్క్యూట్‌కు కంపెనీ ఫ్యూజు పెట్టనే లేదు! నాకు అన్నిటికన్నా భయం వేసింది అక్కడే.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్. అది పెడితే పాత స్విచ్‌లకు ఆ భారం తప్పుతుంది. దాన్ని నడిపే లోపలి తీగచుట్టకు (కాయిల్) 0.2 ఆంపు చాలు. అసలు కరెంటు బ్యాటరీ కేబుల్ నుంచి దగ్గరి దారిలో బల్బుకు వెళ్తుంది.

[గ్రిల్ వెనక వైర్ల కట్ట.]

ముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ (బ్యాటరీని కారు బాడీకి కలిపేది) విప్పేయండి. ఇది మరిచిపోవద్దు. రేడియేటర్ దగ్గర రెండు వైర్లు వెతకండి. నీలం మీద ఎర్ర గీత ఉంటే డిప్, తెల్ల గీత ఉంటే హై బీమ్. ఒక్కోదానికి ఒక రిలే. రిలే పిన్నుల మీద నంబర్లు ఉంటాయి: స్విచ్ వైపు నుంచి వచ్చే వైరు 86కి, ఎర్త్ 85కి. స్టార్టర్ సోలెనాయిడ్ (స్టార్టర్ మోటారును ఆన్ చేసే స్విచ్) మీద బ్యాటరీ కేబుల్ బిగించిన చోటు నుంచి 3 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు 30కి లాగండి. దాని మొదట్లోనే 25 ఆంపుల ఫ్యూజు పెట్టండి. 87 నుంచి బల్బులకు.

ఇక్కడ కక్కుర్తి పడకండి. ఎడమ బల్బుకు ఒక 10 ఆంపుల ఫ్యూజు, కుడి బల్బుకు ఇంకొకటి విడివిడిగా పెట్టండి. మలుపులో ఒక ఫ్యూజు పోయినా రెండో దీపం వెలుగుతూనే ఉంటుంది.

1967కి ముందు కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలుపుతారు. వాటికి లోపల డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) లేని మామూలు రిలే తీసుకోండి.

పనిలో పనిగా హెడ్‌లైట్ల నల్ల ఎర్త్ వైర్లు విప్పి, బాడీకి తగిలే చోట గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. బిగించాక కొంచెం వాసెలిన్ రాయండి. మంచి ఎర్త్ లేకపోతే రిలేలు పెట్టినా సగం పనే అయినట్టు.

[అదే గోడ. తెల్లటి వెలుతురు.]

బల్బు దగ్గర ఇప్పుడు 13.3. మొత్తం 25 పౌండ్లు, ఒక శనివారం మధ్యాహ్నం. వెలుతురు పెరిగింది కాబట్టి ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా బీమ్ ఎత్తు సరిచూడండి.

ఇంకో రెండు చిన్న పనులు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఇంజన్ తటపటాయిస్తోందా? ఎస్‌యూ కార్బరేటర్ల (ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి పంపే భాగాలు) పైమూతలు విప్పి 20 గ్రేడ్ ఆయిల్ పోయండి. మూత తిరిగి పెడుతుంటే, అది కూర్చోవడానికి పావు అంగుళం ముందే చేతికి అడ్డు తగలాలి.

రెండోది పైసా ఖర్చు లేనిది. తలుపుల అడుగున, వాటి కింద పొడవునా ఉండే బోలు ఇనుప పట్టీల్లో (సిల్స్) నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. ఈ కారుకు విడిగా ఛాసిస్ (కింది ఇనుప చట్రం) లేదు, బలమంతా ఆ సిల్స్‌లోనే ఉంది. అవి తుప్పు పడితే కారు మధ్యలో కుంగిపోతుంది. సన్న తీగ పెట్టి మట్టి తీయండి. నా కారులో తీగ పెట్టగానే గ్లాసుడు ఎర్రనీళ్లు కారాయి. అవి లోపల ఎన్నాళ్లుగా నిలిచి ఉన్నాయో!