పూజ గది తలుపు మీద ఆరు పొరల రంగు

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ్టి వీడియోలో వంటా లేదు, షాపింగూ లేదు. మీకు కనిపిస్తున్నది మా గరాజ్. రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టిన ఈ తలుపు గురించే ఇవాళ మాట్లాడతాను. మూడు వారాంతాలు ఇంటిల్లిపాదీ దీని చుట్టూనే తిరిగాం.

మేము న్యూజెర్సీలోని మెటచన్‌లో ఇల్లు కొని ఏడాది కావస్తోంది. ఎడిసన్ పక్క ఊరే, ఓక్ ట్రీ రోడ్డుకి దగ్గర. ఇల్లు 1928లో కట్టింది. హాలు పక్కన, సరిగ్గా ఈశాన్యం మూలకి ఒక చిన్న గది ఉంది. తెనాలి నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చిన మర్నాడే అది పూజ గది అని ఖాయమైపోయింది. తలుపు మాత్రం అత్తయ్యగారికి నచ్చలేదు. తెల్ల రంగు, అంచుల దగ్గర పెచ్చులు లేస్తోంది. తెనాలి ఇంట్లో పూజ గదికి టేకు తలుపులు, వాటికి పాలిష్ తప్ప రంగు ఎప్పుడూ తగల్లేదు. "లోపల మంచి చెక్క ఉండి ఉంటుందమ్మా, ఆ రంగు తీయించేయండి" అన్నారు.

మామయ్యగారికి ఇలాంటి పని కొత్త కాదు. "దీనికి ఏముందమ్మా, శాండ్ పేపర్ పట్టి గట్టిగా రుద్దితే రెండు గంటల పని" అని చొక్కా చేతులు మడిచారు. ఆయన్ని అప్పుడు ఆపినందుకు ఇప్పటికీ నాకు ఊరటగా ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు సంతకాలు పెట్టిన కాగితాల కట్టలో సీసం గురించి ఒక ఫారం, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. 1978కి ముందు కట్టిన ఇల్లు ఏది అమ్మినా ఇక్కడ అవి ఇచ్చి తీరాలి. ఆ రోజు హడావిడిలో నేను సరిగ్గా చదవలేదు. మామయ్యగారు శాండ్ పేపర్ అనగానే గుర్తొచ్చి ఆ రాత్రి కూర్చుని చదివాను.

విషయం ఏంటంటే, అమెరికాలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకు ముందు వేసిన రంగులో అది ఉండొచ్చు, ఎంత పాత ఇల్లయితే అంత అనుమానించాలి. పొడిగా రుద్దితే ఆ సీసం కంటికి కనపడని ధూళి అయిపోతుంది, నేల మీద, కిటికీ గట్ల మీద కూర్చుంటుంది. మా పాపకి పంతొమ్మిది నెలలు. చెయ్యి నేల మీద, తర్వాత నోట్లో, రోజంతా అదే వరస. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకి సీసం చేసే నష్టం మళ్ళీ సరిదిద్దలేనిది. ఇంత సీసం వరకూ ఫరవాలేదు అని డాక్టర్లు చెప్పే హద్దు కూడా లేదు.

అందుకని ముందు టెస్ట్ చేయించాం. తలుపు అంచున రంగు మీద నీళ్ళు స్ప్రే చేసి, అన్ని పొరలూ వచ్చేలా చెక్క దాకా చిన్న పెచ్చు తీసి, జిప్ కవర్‌లో పెట్టి ల్యాబ్‌కి పంపాం. పైపొర ఒక్కటీ పంపితే లాభం లేదండీ, అది కొత్త రంగు, అందులో ఏమీ దొరకదు. బరువులో 0.5 శాతం సీసం ఉంటే దాన్ని ఇక్కడ సీసం రంగుగా లెక్కిస్తారు. మాది 1.8 శాతం వచ్చింది. రిపోర్ట్ చదివి వినిపిస్తే మామయ్యగారు శాండ్ పేపర్ తీసుకెళ్ళి డబ్బాలో పెట్టేశారు.

మన ఊళ్ళలో పెయింటర్లు మంట పెట్టి, లప్పం రేకుతో గీకేస్తారు కదా, అదీ ఇక్కడ కుదరదు. సీసం ఉన్న రంగుని మంటతో కాల్చకూడదు. హీట్ గన్ వాడినా 1,100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదని కాంట్రాక్టర్లకి నియమం ఉంది. సొంత ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళకి ఆ నియమం వర్తించదు, నిజమే. కానీ పీల్చేది మన పిల్లలే కదా. ఇక మిగిలింది రంగుని తడిగా, ముద్దగా ఊడదీసే రిమూవర్ ఒక్కటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, దయచేసి ఇది మాత్రం స్కిప్ చేయకండి. గరాజ్ షెల్ఫ్ మీద పాత ఓనర్లు వదిలేసిన సగం డబ్బా రిమూవర్ ఒకటి మా ఆయనకి దొరికింది. "చూడు, కొనే పనే లేదు" అన్నారు. లేబుల్ మీద దుమ్ము తుడిచి చదివితే మెథిలీన్ క్లోరైడ్ అని ఉంది. పదిహేను నిమిషాల్లో రంగు పొంగి లేచిపోతుంది, పనితనంలో దాన్ని మించింది లేదు. కానీ దాని ఆవిరి గాలి కంటే బరువు, కిందనే నిలిచిపోతుంది. పీల్చితే శరీరం దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. ముందు మత్తు వస్తుంది, మనిషి అక్కడి నుంచి లేచి బయటికి రాలేడు. 2000 నుంచి 2011 మధ్య బాత్‌టబ్‌లకు రంగు తీసే పనివాళ్ళు 13 మంది ఇలా చనిపోయారని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నమోదు చేసింది. 2019లో ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ రంగు తీసే మందుగా దీన్ని మామూలు జనానికి అమ్మకుండా ఆపేసింది, 2024లో చాలా రకాల వాణిజ్య వాడకాన్నీ నిషేధించింది. షాపుల్లో లేదు సరే, పాత ఇళ్ళ గరాజ్‌లలో, బేస్‌మెంట్‌లలో మాత్రం ఆ డబ్బాలు ఇంకా ఉన్నాయి. దీనికే డైక్లోరోమీథేన్ అని ఇంకో పేరు. ఇండియాలో రిమూవర్ కొనేవాళ్ళు కూడా డబ్బా వెనక ఈ రెండు పేర్లూ వెతకండి. తలుపులన్నీ మూసిన గదిలో పెయింటర్ చేత దాన్ని వాడించకండి, ఆయనకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు.

ఇక షాపుకి వెళ్తే ఒక వరస నిండా డబ్బాలే. తొందరగా పని చేస్తాయని రాసినవాటిలో చాలా వాటికి అసిటోన్, టొల్యూన్, మిథనాల్ లాంటివి ఆధారం. ఇవి ఇట్టే అంటుకుంటాయి. మా గ్యాస్ వాటర్ హీటర్‌లో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి అవి వద్దనుకున్నాం. కాస్టిక్ సోడాతో చేసే రకం మందపాటి పాత రంగుని బాగా తీస్తుంది కానీ ఓక్ చెక్కని నల్లబరుస్తుంది, తర్వాత వెనిగర్ నీళ్ళతో విరుగుడు చేయాలి. రంగు ఊడదీసి మళ్ళీ రంగే వేసేవాళ్ళకి అది సరిపోతుంది, చెక్క కనిపించాలనుకునే మాకు కాదు. మరికొన్నిటిలో ఎన్‌ఎంపీ అనే రసాయనం ఉంటుంది, కడుపులో బిడ్డకి ప్రమాదం. గర్భిణులు ఉన్న ఇంట్లో అది అడుగు పెట్టకూడదు. మేము చివరికి బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన జెల్ తీసుకున్నాం. ఘాటు తక్కువ, నిదానం ఎక్కువ. పైన "సేఫర్" అని రాసి ఉన్నా చర్మానికి తగిలితే మండుతుంది, కంట్లో పడితే ఇంకా కష్టం. డాక్టర్ల దగ్గర వాడే పల్చటి గ్లవ్స్ చాలవండీ. మోచేతి దాకా వచ్చే బ్యూటైల్ రబ్బర్ గ్లవ్స్, కళ్ళజోడు తీసుకున్నాం. ఎన్95 మాస్క్ ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరి కోసం కార్ట్రిడ్జ్‌లు ఉండే మాస్క్ వేరే దొరుకుతుంది.

మొదటి శనివారం బందులు విప్పి తలుపుని గరాజ్‌కి చేర్చాం. ఇంట్లో చేయకపోవడం అన్నిటికంటే మంచి నిర్ణయం. కింద మందపాటి ప్లాస్టిక్ షీట్, గరాజ్ తలుపు బార్లా తీసి ఉంచాం. పాపని అత్తయ్యగారు పార్కుకి తీసుకెళ్ళారు. మొదటి పలక మీద జెల్ పూసి అరగంటకే గీకి చూశాను. పైపొర మాత్రం జిగురులా సాగి రేకుకి అంటుకుంది, మిగతాది కదల్లేదు. జెల్ పల్చగా పూశాను, పైగా తొందరపడ్డాను.

రెండోసారి పాత బ్రష్‌తో ఒకే వైపుకి, దోసెపిండి మందాన పూసి, పైన వంటింటి ప్లాస్టిక్ ర్యాప్ కప్పేశాం. జెల్ ఆరిపోతే పని ఆగిపోతుంది, తడిగా ఉన్నంతసేపే రంగులోకి దిగుతుంది. రాత్రంతా వదిలేశాం. చలి ఎక్కువైతే ఇది పని చేయదు, అందుకే సెప్టెంబర్‌లోనే పెట్టుకున్నాం. పొద్దున్నే వెళ్ళి చూస్తే, ఇదిగో ఈ క్లిప్ చూడండి, ప్లాస్టిక్ కింద రంగంతా కాచిన పాల మీద మీగడలా ముడతలు పడి ఉంది. ప్లాస్టిక్ రేకు పెట్టి నెమ్మదిగా తోస్తే ఒక మూల నుంచి చాపలా చుట్టుకుంటూ వచ్చింది. పైన తెలుపు, దాని కింద మీగడ రంగు, తర్వాత లేత ఆకుపచ్చ, మళ్ళీ తెలుపు, ఒక బూడిద రంగు, అన్నిటికన్నా కింద ముదురు చాక్లెట్ రంగు. దాని కింద ఓక్, తేనె రంగులో పొడుగాటి చారలు. మామయ్యగారు గ్లవ్స్‌తోనే ఆ చారల మీద చెయ్యి పెట్టి, "ఇంత మంచి కర్రకి రంగెందుకు వేశారో" అని చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

పలకల చుట్టూ నగిషీ అంచుల్లో రేకు దూరదు. అక్కడ కబాబ్ పుల్లలు, పాత టూత్‌బ్రష్ బాగా పనికొచ్చాయి. ఒకచోట స్టీల్ ఊల్‌తో రుద్దాను, అది నేను చేసిన పొరపాటు. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. ఇనుప పోగులు, తడి తోడైతే నల్ల మచ్చలు పడతాయి. కింది పలక మీద నాణెం అంత మచ్చలు మూడు పడ్డాయి. ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న వుడ్ బ్లీచ్ పూసి, శుభ్రంగా కడిగితే పోయాయి కానీ ఒక రోజు పని పెరిగింది. మీరు మొదటి నుంచే నైలాన్ ప్యాడ్ వాడండి.

రంగు పోయాక జెల్ జిడ్డు చెక్కలో మిగిలితే తర్వాత వేసే పాలిష్ అంటదు. ఏ ద్రవంతో తుడవాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అదే వాడాలి. ఆరాక పొడి శాండింగ్ చేయలేదు, తడి స్పాంజ్‌తో రుద్ది, అతి సన్నటి ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ పట్టాం. గరాజ్‌లో వేసుకున్న బట్టలు అక్కడే విప్పి విడిగా ఉతికాం, ఆ చెప్పులు ఇంట్లోకి రాలేదు. గీకిన ముద్ద, ప్లాస్టిక్, గుడ్డలు అన్నీ మందపాటి సంచుల్లో కట్టి, ఆ పాత డబ్బాతో సహా, కౌంటీ వాళ్ళు ప్రమాదకర చెత్త తీసుకునే రోజున అప్పజెప్పి వచ్చాం. సింక్‌లో మాత్రం ఏదీ పోయకండి.

ద్వారబంధం గోడలో ఉంది, ఊడదీయలేం. దాని మీద రంగు ఎక్కడా లేవలేదు. లేవని రంగుని కదపకపోవడమే మేలు. తలుపు రాసుకునే అంచు వరకే జెల్‌తో తీశాం, ఎందుకంటే రాపిడి ఉన్నచోటే ధూళి పుడుతుంది. మిగతా దాని మీద కొత్త రంగు వేసి మూసేశాం. న్యూజెర్సీలో పిల్లలకి ఏడాదికి, రెండేళ్ళకి రక్తంలో సీసం పరీక్ష చేయాలి. పాపకి మొదటిది మామూలుగానే వచ్చింది, రెండోది అయిదు నెలల్లో ఉంది. డాక్టరు ఇండియా నుంచి తెచ్చిన కుంకుమ, పసుపు గురించి కూడా అడిగారు. కొన్ని సింధూరాల్లో సీసం ఉందని ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కాబట్టి మేము వాడేవాటినీ పరీక్షకి పంపుతున్నాం.

అంతా అయ్యాక అత్తయ్యగారు ఒక మాట అడిగారు. "తలుపు సరే అమ్మా, పసుపు రాసేది గడపకి కదా, దాని సంగతేంటి?" వంగి చూస్తే గడప మీదా అదే రంగు, కాళ్ళు పడి పడి మధ్యలో అరిగిపోయింది. పాప ఆడుకుంటూ వచ్చి కూర్చునేది కూడా అక్కడే. దాన్ని గీకడం మానేసి, నీళ్ళు స్ప్రే చేసి తడిగానే గడప చెక్క మొత్తం ఊడదీసి, ప్లాస్టిక్‌లో చుట్టి బయటికి పంపేశాం. మామయ్యగారు కొలతలు తీసుకుంటే మా ఆయన ఓక్ పలక కోయించుకొచ్చారు. నిన్న సాయంత్రం తలుపు మళ్ళీ బందులకి ఎక్కింది. ఇవాళ పొద్దున అత్తయ్యగారు ఆ కొత్త గడపని కడిగారు. పరీక్షకి పంపిన పసుపు రిపోర్ట్ రాగానే రాస్తామని పక్కన చిన్న ముగ్గు వేసి ఉంచారు.