ముసలి పిల్లి నోటి నొప్పి: ఎలా కనిపెట్టాలి, ఏమి చేయకూడదు

దృశ్యం: ఒంగోలు గిత్త పెదవి ఎత్తి పళ్లు చూస్తున్న రైతు చేతులు. తరువాత, వంటింటి గడప దగ్గర కూర్చున్న ముసలి పిల్లి.

వ్యాఖ్యానం: ప్రకాశం జిల్లాలో గిత్తను కొనేవారు ముందుగా దాని పళ్లు చూస్తారు, బండలాగుడు పోటీలలో సైతం రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ పళ్లను బట్టే విభాగాలు ఏర్పరుస్తారు. పశువు నోరు చూడడం ఇంత బాగా తెలిసిన ఈ ప్రాంతంలోనే, ఏళ్ల తరబడి ఇంట్లో తిరుగుతున్న పిల్లి నోటిలో ఏముందో చూసినవారు అరుదు. పదేళ్లు దాటిన పిల్లులలో పంటి వ్యాధులు, చిగుళ్ల వ్యాధులు చాలా సాధారణం. అయినా "దానికీ వయసైపోయింది, అందుకే మూలన పడుకుంటోంది" అనుకుంటూ ఉండిపోవడం వల్ల ఆ నొప్పి నెలల పాటు ఎవరికీ తెలియకుండా సాగుతుంది.

దృశ్యం: గిన్నె దగ్గరకు ఆత్రంగా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగిన పిల్లి.

వ్యాఖ్యానం: "తింటూనే ఉంది కదా, నొప్పి ఉంటే ఎలా తింటుంది?" అని చాలామంది అడుగుతారు. నోరు నొప్పిగా ఉన్న పిల్లి కూడా తింటుంది. నమలకుండా మింగడం, ఒక వైపు దవడతోనే నమలడం, గట్టి ముక్కను వదిలి మెత్తనిదాన్ని మాత్రమే నాకడం అలవాటు చేసుకొని, పూర్తిగా తిండి మానేసే దాకా నొప్పిని బయటపడనివ్వదు. అందువల్ల తింటున్నదా లేదా అన్నది కాక, ఎలా తింటున్నదో గమనించాలి. నిన్నమొన్నటి దాకా ఎండు మెత్తళ్లను కరకర నమిలిన పిల్లి ఇప్పుడు వాటిని నాకి వదిలేస్తున్నదా? ముద్ద నోటిలోంచి జారి కింద పడుతున్నదా? తింటూ తింటూ ఉలిక్కిపడి, తల విదిలించి, గిన్నె మీదే బుస కొట్టి పారిపోతున్నదా? ఇవన్నీ నోటి నొప్పికి చాలా బలమైన గుర్తులు.

మిగిలిన గుర్తులు గిన్నెకు దూరంగా కనిపిస్తాయి. నాలుకతో ఒళ్లు శుభ్రం చేసుకోవడం నొప్పి కలిగిస్తుంది కనుక వీపు మీద వెంట్రుకలు జడలు కడతాయి. గడ్డం కింద చొంగ తడి ఉంటుంది, ఒక్కోసారి అందులో నెత్తురు చార కూడా ఉంటుంది. దగ్గరకు వస్తే నోటి దుర్వాసన తెలుస్తుంది. బుగ్గ నిమరబోతే తల పక్కకు తిప్పుకుంటుంది. బరువు తగ్గడం కంటికి ఆలస్యంగా కనబడుతుంది కాబట్టి, నెలకొకసారి పిల్లిని ఎత్తుకొని బరువు యంత్రం మీద నిలబడి, ఆ అంకెలోంచి మీ బరువు తీసివేసి రాసి పెట్టుకోండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే తన బరువులో పదో వంతు కోల్పోయినట్లే. అది చిన్న విషయం కాదు.

దృశ్యం: పిల్లి పక్కన కూర్చొని, బొటనవేలితో పెదవి మూలను సున్నితంగా పైకెత్తుతున్న చేయి.

వ్యాఖ్యానం: నోరు చూడడానికి ఎదురుగా కాక పక్కన కూర్చోండి. దవడలు విడదీయవద్దు, పెదవి మూలను కొద్దిగా ఎత్తితే కోరపన్నూ దాని వెనుక పళ్లూ కనిపిస్తాయి, కొన్ని క్షణాలు చూస్తే చాలు. పెద్ద పిల్లికి 30 పళ్లుంటాయి. పంటిని ఆనుకొని ఉన్న చిగురు అంచు ఎర్రగా గీత గీసినట్లు ఉండడం, పంటి మీద గోధుమరంగు గార, పంటి మీదకే పాకిన గులాబీరంగు కండ, దవడకు ఒక పక్క వాపు కనిపిస్తే వైద్యుడికి చెప్పండి. పిల్లి ఎదురు తిరిగితే అక్కడితో ఆపేయండి. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: రేబిస్ టీకా లేకుండా బయట తిరిగే పిల్లి అకస్మాత్తుగా చొంగ కారుస్తూ ప్రవర్తన మార్చుకుంటే దాని నోటి దగ్గరకు చేయి పోనివ్వవద్దు. కరిచినా గీరినా గాయాన్ని పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దృశ్యం: పంటి ఎక్స్‌రే చిత్రం, చిగురు కింద వేరు కరిగిపోయిన చోట గుండ్రని గుర్తు.

వ్యాఖ్యానం: మనుషులకు వచ్చే పుచ్చుపళ్లు పిల్లులకు దాదాపుగా రావు. వాటికి వచ్చేది మరో జబ్బు: శరీరంలోని కణాలే పంటిని, ముఖ్యంగా వేరు భాగాన్ని, కొంచెం కొంచెంగా కరిగించివేస్తాయి. దీనిని టూత్ రిసార్ప్షన్ అంటారు. ఇది ఎందుకు మొదలవుతుందో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. వయసుతో పాటు పెరుగుతుందన్నది మాత్రం స్పష్టం. పంటి పైభాగం దాకా కరిగి లోపలి నరం బయటపడినప్పుడు నొప్పి ఎంత తీవ్రంగా ఉంటుందంటే, మత్తులో ఉన్న పిల్లికి సైతం ఆ పంటిని తాకగానే దవడ అదురుతుంది. వేరులో జరిగేది కంటికి కనబడదు, ఎక్స్‌రేలోనే కనబడుతుంది.

చిగుళ్ల వాపు, గార వల్ల పళ్లు కదలడం మనకు తెలిసినదే. నోరంతా పుండుగా మారే స్టొమటైటిస్ ఇంకా కఠినమైనది. నోటిలోని సూక్ష్మజీవుల మీద శరీర రక్షణ వ్యవస్థ అతిగా ప్రతిస్పందించడం వల్ల గొంతు మొదలు దాకా ఎర్రబడి రక్తం కారుతుంది. ముసలి పిల్లులలో మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు కూడా నోటిలో పుండ్లు పడతాయి. నీరు ఎక్కువగా తాగడం, మూత్రం ఎక్కువగా పోవడం అప్పుడు తోడుగా కనిపిస్తాయి. నాలుక కింద గానీ దవడలో గానీ గట్టి వాపు ఉంటే క్యాన్సర్ కావచ్చు కనుక వారం రోజులు కూడా ఆగవద్దు. మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాలలో మరో సంగతి గుర్తుంచుకోవాలి: చేపముల్లు అంగిట్లో అడ్డంగా ఇరుక్కుంటుంది, గాలపు దారం నాలుక మొదలు చుట్టూ చుట్టుకుంటుంది. దారం చివర కనిపించినా లాగవద్దు; రెండో కొస పేగుల్లో ఉంటే పేగు తెగిపోతుంది.

దృశ్యం: మాత్రల అట్ట, లవంగ నూనె సీసా. రెండింటి మీదా ఎర్ర గుర్తు.

వ్యాఖ్యానం: ఈ వీడియోలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలమని ఎవరైనా అంటే, ఇదే గుర్తుంచుకోమని చెబుతాను. పిల్లికి పారాసిటమాల్ ఇవ్వకూడదు. మనిషి కాలేయం ఆ మందును విరిచి బయటకు పంపే మార్గం పిల్లి కాలేయంలో చాలా బలహీనం. అందువల్ల అది విషంగా మారి రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. తెలియక ఇచ్చి ఉంటే దాచవద్దు, సిగ్గుపడవద్దు. ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు ఇచ్చారో చెబుతూ వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి, విరుగుడు మందు ఉంది, త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ప్రమాదమే. మన పంటి నొప్పికి వాడే లవంగ నూనె, మనం పళ్లు తోముకునే పేస్టు పిల్లి నోటికి తగలనివ్వవద్దు.

దృశ్యం: పశువైద్యశాల బల్ల మీద బుట్టలో పిల్లి.

వ్యాఖ్యానం: మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల పశువైద్యానికి ఆవులు, గేదెలు, నెల్లూరు గొర్రెలే ప్రధానం, అందుకని నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ వెళ్లే ముందే ఫోన్ చేసి, పిల్లికి మత్తు ఇచ్చి పళ్లు తీస్తారా, పంటి ఎక్స్‌రే ఉందా అని అడగండి. లేకపోతే తిరుపతి పశువైద్య కళాశాల వంటి పెద్ద కేంద్రానికి పంపమని వారినే కోరవచ్చు. "ఇంత ముసలిదానికి మత్తు తట్టుకుంటుందా?" అనే భయం న్యాయమైనదే. దానికి సమాధానం వయసును బట్టి కాక పరీక్షలను బట్టి వస్తుంది: రక్తపరీక్షలో మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ ఎలా ఉన్నాయో, గుండె చప్పుడు, రక్తపోటు ఎలా ఉన్నాయో చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు. మత్తు లేకుండా గార గీకించడం వల్ల పైకి పళ్లు తెల్లబడతాయే తప్ప చిగురు కింది వ్యాధి అలాగే ఉండిపోతుంది.

దెబ్బతిన్న పళ్లు తీసివేయడమే తరచుగా సరైన చికిత్స. స్టొమటైటిస్‌లో దవడపళ్లన్నీ, ఒక్కోసారి నోటిలోని పళ్లన్నీ తీయవలసి వస్తుంది. పళ్లు లేకుండా ఎలా బతుకుతుందని బెంగపడనవసరం లేదు. మెత్తని తిండిని అది హాయిగా తింటుంది. నొప్పి పోయిన తరువాత చాలా పిల్లులు మునుపటికంటే బాగా తింటాయి.

చికిత్స జరిగే వరకూ, ఆ తరువాత కొన్నాళ్లూ, ముళ్లు ఏరిన ఉడికించిన చేపను గోరువెచ్చగా, నీటితో మెత్తగా కలిపి కొద్దికొద్దిగా పెట్టండి. ఉప్పూ కారమూ వద్దు. పులుసులోని ముక్కను కడిగి పెట్టడం కూడా మానండి. చింతపండు, కారం పుండును మండిస్తాయి, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగులగొడతాయి. మందు వైద్యుడు రాసిన మోతాదులోనే, రాసినన్ని రోజులే ఇవ్వాలి. పూర్తిగా తిండి మానేసిన పిల్లిని, ముఖ్యంగా లావుగా ఉన్నదాన్ని, రేపు చూద్దామని ఉంచవద్దు. రెండు మూడు రోజుల ఉపవాసంతోనే దాని కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది. ఒక పూర్తి రోజు ఏమీ తినకపోతే ఆ రోజే బుట్టలో పెట్టి తీసుకువెళ్లండి.