ఎర్ర మకావ్‌లను పోల్చుకోవడం ఎలా?

పంచవన్నెల రామచిలుక అనగానే గుర్తొచ్చే పెద్ద ఎర్ర చిలుకల్లో రెండు జాతులున్నాయి: స్కార్లెట్ మకావ్, గ్రీన్‌వింగ్ మకావ్. జూలో బోర్డు లేకపోయినా ఏది ఏదో చెప్పేయొచ్చు.

ముందు రెక్క చూడండి. భుజం ఎరుపు, దాని కింద వెడల్పుగా పసుపు పట్టీ, ఆ పట్టీ కింద నీలం. ఇది స్కార్లెట్. పసుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ ఉంటే గ్రీన్‌వింగ్. చిక్కెక్కడంటే, స్కార్లెట్‌ పసుపు ఈకల కొసలు కూడా ఆకుపచ్చగానే ఉంటాయి. ఆ అంచొక్కటే చూసి తేల్చేయకండి.

అనుమానం తీరకపోతే మొహం చూడండి. కంటి చుట్టూ తెల్లటి చర్మం ఉంటుంది కదా? స్కార్లెట్‌కి అది నున్నగా కనిపిస్తుంది. గ్రీన్‌వింగ్‌కి సన్నటి ఎర్ర ఈకలు, దారంతో కుట్టినట్టు వరుసలు కట్టి ఉంటాయి. ఎండకి ఫొటోలో రెక్క రంగులు తేలిపోయినా ఈ గీతలు పట్టిస్తాయి. ముక్కుతో మాత్రం పని జరగదు, రెండింటికీ పైది లేత రంగు, కిందది నలుపు.

స్కార్లెట్ పొడవు 81 నుంచి 96 సెం.మీ., అందులో సగానికి పైగా తోకే. తోక పొట్టిగా, కన్ను ముదురుగా ఉంటే పిల్ల. పెద్దవాటి కన్ను లేత పసుపు. ఆడో మగో చూసి చెప్పలేం, డీఎన్‌ఏ పరీక్ష చేయాల్సిందే.

రాలిన నీలం ఈక దొరికితే వెలుతురుకి అడ్డంగా పట్టుకోండి. నీలం మాయమై గోధుమరంగు కనిపిస్తుంది! అందులో నీలం వర్ణకమే లేదు. ఈక లోపలి స్పాంజి లాంటి అల్లిక నీలి కాంతిని వెదజల్లడం వల్ల మన కంటికి అలా కనబడుతుంది. ఎరుపు, పసుపు మాత్రం చిలుక ఒంట్లోనే తయారయ్యే వర్ణకాలు. ఎర్ర పండ్లు పెడితే రంగు పెరుగుతుందంటే నమ్మకండి.

ఇక స్కార్లెట్ ఉండే చోటు. మెక్సికో దక్షిణం నుంచి బొలీవియా, బ్రెజిల్ దాకా, పల్లపు తేమ అడవుల్లో. ఇది గూడు అల్లదు, పెద్ద చెట్ల తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. ముసలి మాన్లు నరికేస్తే, అడవి పచ్చగానే ఉన్నా పిల్లలు పుట్టే చోటు పోయినట్టే. పెరూలోని తాంబోపాటాలో ఇవి నది ఒడ్డు మట్టి తింటాయి. అక్కడి తిండిలో సోడియం తక్కువ, ఆ మట్టిలో ఎక్కువ.

కోస్టారికా పసిఫిక్ తీరంలో వెతికేవాళ్లు ముందు నేల చూడాలి. అక్కడి బీచుల్లో ఉన్నది మన బడి ఆవరణల్లో ఉండే బాదం చెట్టే. దాని కాయలు తింటున్నప్పుడు మకావ్‌లు పెద్దగా అరవవు. కింద అప్పుడే కొరికిన కాయలు పడి ఉంటే, కదలకుండా నిలబడి తలెత్తి చూడండి.