తెలుగు పిల్లలకు లాటిన్‌ను తెలుగులోనే మొదలుపెట్టండి

నమస్కారం. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఇంట్లో పిల్లలకు లాటిన్ నేర్పాలనుకునే తల్లిదండ్రులు మొదట అడిగే మాట ఒకటే: "ముందు ఇంగ్లీషు గట్టిపడాలి కదండీ, ఆ తర్వాతే కదా లాటిన్?" ఈ మాట వినబడిన ప్రతిసారీ నాకు ప్రాణం విసుగెత్తుతుంది. రెండింటికీ అక్షరాలు ఒకటే కావచ్చు, వాక్యం నడక మాత్రం వేరు. లాటిన్ వాక్యం నడిచే తీరు మన పిల్లలకు బడిలో చేరకముందే తెలుసు. ఇంగ్లీషు దారిన తిప్పి తీసుకెళ్ళి, తెలిసినదాన్నే వాళ్ళకు కొత్త చేస్తున్నాం.

లాటిన్ ఎందుకన్న చర్చ నేను చేయను. ఈ వీడియో తెరిచారంటే మీ కారణం మీకు ఉండే ఉంటుంది. ఒక్క వాక్యం పట్టుకుందాం.

(తెర మీద: అగ్రికొల పుఎల్లై అక్వమ్ దత్.)

రైతు పాపకు నీళ్ళను ఇస్తాడు. అగ్రికొల అంటే రైతు, పుఎల్ల పాప, అక్వ నీళ్ళు, దత్ ఇస్తాడు. మాట కింద మాట రాసి చూడండి, వరుస ఎక్కడా తప్పదు. ఇప్పుడు కలిపేయండి: అక్వమ్ పుఎల్లై అగ్రికొల దత్. నీళ్ళను పాపకు రైతు ఇస్తాడు. అర్థం చెక్కుచెదరలేదు. ఎందుకు చెదరలేదో చెప్పడానికి ఇంగ్లీషు పిల్లల కోసం రాసిన పుస్తకాలు పేజీలు ఖర్చుపెడతాయి. 'కు' ఎవరికి తగిలితే నీళ్ళు వాళ్ళకేనని మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఒక చిక్కు ఉంది. నేను నీళ్ళను అన్నాను, గమనించారా? ఇంట్లో ఎవరైనా "నీళ్ళను ఇవ్వు" అంటారా? "నీళ్ళు ఇవ్వు" అంటాం. ప్రాణం లేని వస్తువు కర్మ అయినప్పుడు 'ను' వదిలేయడం మన అలవాటు. అందుకే తెలుగు పిల్లలు 'అక్వమ్' బదులు 'అక్వ' అని రాసేస్తారు. లాటిన్ ఆ 'మ్'ను వదలనివ్వదు. దీనికి మందు తేలికే. మొదటి కొన్ని వారాలు పిల్లల చేత తెలుగులోనూ నీళ్ళను, పువ్వును, బల్లను అని నిండుగా పలికించండి. వినడానికి పుస్తకంలా ఉంటుంది, ఉండనివ్వండి.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన సంగతి ఇప్పుడు. 'పుఎల్లై' అంటే పాపకు. అదే 'పుఎల్లై' అంటే పాప యొక్క కూడా. ఒకే రూపానికి రెండు పనులేమిటని ఇంగ్లీషు పుస్తకంతో నేర్చుకునేవాళ్ళు తికమకపడతారు. మన షష్ఠీ విభక్తిని ఒకసారి వల్లించండి: కి, కు, యొక్క, లో, లోపల. 'కు', 'యొక్క' ఒకే వరుసలో ఉన్నాయి! ఈ పొందిక పుఎల్లలా 'అ'తో ముగిసే ఈ వర్గం పదాలకు ఏకవచనంలోనే, బహువచనంలో రెండు రూపాలు విడిపోతాయి. అయినా మొదటి మెట్టు మీద ఇంత సాయం దొరుకుతుంటే ఎందుకు వదులుకోవాలి?

ఇంకొకటి. 'ఇన్ అక్వా' అంటే నీళ్ళలో. 'ఇన్ అక్వమ్' అంటే నీళ్ళలోకి. రైతు నీళ్ళలో నిలబడ్డాడా, నీళ్ళలోకి దిగుతున్నాడా అన్నది పదం చివరే తేలుతుంది. లో, లోకి తేడా తెలిసిన పిల్లలకు ఇది ఒక్క రోజు పని.

ఇక్కడ 'అక్వ', 'అక్వా' అని హ్రస్వ దీర్ఘాలు మారాయి చూడండి. లాటిన్‌లో అవి అర్థాన్నే మార్చేస్తాయి. రోమన్ లిపిలో ఆ తేడా కనబడదు, పాఠ్యపుస్తకాల్లో దీర్ఘం మీద గీత పెడతారు. లాటిన్‌కు ఐదు హ్రస్వాలు, ఐదు దీర్ఘాలు: అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ. పదీ మన ఓనమాల్లో ఉన్నాయి. ద్విత్వాలు కూడా అంతే, పుఎల్లలో 'ల్ల' నిజంగా పలకాలి. అందుకే మొదటి నెల లాటిన్‌ను తెలుగు లిపిలోనే రాయించమంటాను. ఈ విషయంలో నాతో వాదించేవాళ్ళున్నారు, నేను మాత్రం మారను.

మనకు సాయం అందని చోటు విశేషణం. మంచి రైతు, మంచి పాప: తెలుగులో 'మంచి' మారదు. లాటిన్‌లో బొనుస్ అగ్రికొల, బొన పుఎల్ల. రైతు పదం 'అ'తో ముగిసినా మనిషి మగవాడు కాబట్టి బొనుస్. ఇది నేర్పడానికి బతుకమ్మ పూలు తెచ్చుకోండి. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో మొక్కలకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. కాలేజీలో పలికే తీరులో చెబుతున్నాను: గునుగు సెలోసియా అర్జెంటియా, వెండి వంటిది. తంగేడు సెన్నా ఆరిక్యులేటా, చిన్న చెవులున్నది. బంతి టాజెటిస్ ఎరెక్టా, నిటారుగా నిలిచేది. ఈ విశేషణాలన్నీ స్త్రీలింగం. ఇక రావి చెట్టు ఫైకస్ రెలిజియోసా. మొదటి మాట 'అస్'తో ముగిసింది, రెండోది మాత్రం ఆడ రూపం, ఎందుకంటే లాటిన్‌లో చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగం. కొత్త మొక్కను ప్రకటించేటప్పుడు లాటిన్‌లో వర్ణన తప్పనిసరిగా ఉండాలన్న నియమం 2011 చివరి దాకా నడిచింది.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

ఉచ్చారణ రెండు రకాలు. నేను పలికింది ప్రాచీన రోమన్ల పద్ధతి. చర్చి పద్ధతిలో పుఎల్లై 'పుఎల్లే' అవుతుంది, ఎ, ఇల ముందు 'క' 'చ' అవుతుంది. 1952లో వరంగల్ మేత్రాసనం, అంటే కతోలిక బిషప్ పరిధి, ఏర్పడినప్పుడు చర్చిలో పూజ లాటిన్‌లోనే సాగేది, కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఫాతిమానగర్ చర్చిలో విన్న ఉచ్చారణ గుర్తుంటే అదే తీసుకోండి. రెండూ కలపకండి.

క్రియలు: దో ఇస్తాను, దాస్ ఇస్తావు, దత్ ఇస్తాడు లేదా ఇస్తుంది, దంత్ ఇస్తారు. నేను, నువ్వు అని విడిగా అనక్కర్లేదు, మనలాగే. ఛందస్సు నేర్చిన పెద్ద పిల్లలుంటే ఇది చెప్పండి: లాటిన్ వీరకావ్యాల పాదానికి ఆరు గణాలు, ఐదోది దాదాపు ఎప్పుడూ మన భగణమే.

తెలుగు ధారాళంగా చదవడం వచ్చాక మొదలుపెట్టండి. రోజుకు పావుగంట చాలు. మాటలను కాగితపు ముక్కల మీద రాసి, తారుమారు చేయించి, ప్రతిసారీ తెలుగులో చెప్పించండి. తర్వాత పాప చేత రైతుకు నీళ్ళు ఇప్పించండి: పుఎల్ల అగ్రికొలై అక్వమ్ దత్. 'ఉస్'తో ముగిసే పదాలు, బహువచనాలు వచ్చే వీడియోలో. అప్పటిదాకా విభక్తి పట్టికలు బట్టీ పట్టించకండి.