స్టూడిబేకర్ బొమ్మ కారు రివ్యూ: ఆ ముక్కు ఎందుకు పైకెత్తారండీ?

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ బొమ్మ కారు నేను కొన్నది కాదు. మోడల్ కార్లు అమ్మే ఒక కంపెనీ వాళ్లు ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. అడిగి ఉంటే వాళ్లకే మంచిదేమో.

1953 స్టూడిబేకర్ స్టార్‌లైనర్, అంటే ఒక పాత అమెరికన్ కారు. అమెరికాలోని యూటాలో బోనవిల్ అని ఉప్పు మైదానం ఉంది, అక్కడ కార్ల వేగం పోటీలు పెడతారు. ఈ బొమ్మ ఆ రేసు కారు రూపంలో, 1:18 సైజు, అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు. తలుపులు తెరుచుకుంటాయా, బరువెంత, పెట్టెలో ఏమేం వచ్చాయి, ఇవన్నీ ఈపాటికి వేరే ఛానెళ్లలో చూసే ఉంటారు. నేను ముక్కు గురించి మాట్లాడతా.

ఇదిగో, కెమెరా కిందికి దించుతున్నా. ముందు చక్రానికీ పైన ఫెండర్‌కీ మధ్య చూడండి, నా చిటికెన వేలు దూరిపోతోంది. అసలు కారు లెక్కలో అది దగ్గర దగ్గర జానెడు సందు! వెనక చూస్తే సరిగ్గానే ఉంది. అంటే కారు ముక్కు పైకెత్తుకుని నిలబడింది, పెళ్లిలో అలిగిన మేనత్తలాగా.

ఇదంత పెద్ద విషయమా అంటారేమో. బోనవిల్‌లో ఇలాంటి కార్ల వేగం అనుకోండి, గంటకు 200 మైళ్లు, అంటే 322 కిలోమీటర్లు. ఆ వేగంలో ముక్కు కింద గాలి దూరితే ముందు భాగం తేలిపోతుంది, స్టీరింగ్ తిప్పినా పట్టు దొరకదు. కింద ఉన్నదేమో తారు రోడ్డు కాదు, ఉప్పు. దాని మీద అసలే టైరుకు పట్టు తక్కువ. అందుకే చాలామంది కారులో సీసం దిమ్మలు పెట్టి మరీ బరువు పెంచుతారు. వేరే రేసుల్లో బరువు తగ్గించడానికి నానా తంటాలు పడతారు, ఇక్కడ మోసుకెళ్తారు. అలాంటి చోట ముక్కు ఎత్తి నడిపేవాళ్లను నేను చూడలేదు.

నేను సాల్ట్ లేక్ సిటీలో ఉంటా. ఐ-80 హైవే ఎక్కితే బోనవిల్‌కు రెండు గంటల లోపే. ఆగస్టులో అక్కడ స్పీడ్ వీక్ అనే వేగం పోటీలు జరుగుతాయి, 1949 నుంచీ ఉన్నదే. మొదటిసారి వెళ్లినప్పుడు ముఖానికీ మెడకూ సన్‌స్క్రీన్ బాగా పట్టించా. సాయంత్రానికి ముక్కు కింద, గడ్డం కింద కాలింది! ఎండ పైనుంచే కాదు, ఆ తెల్లటి ఉప్పు మీద పడి కింది నుంచీ కొడుతుంది. 2022లో లీవు కూడా పెట్టుకున్నా, వాన నీళ్లు నిలిచిపోయి మొత్తం రద్దయింది.

అక్కడ నచ్చేదేంటంటే, పిట్స్‌లోకి, అంటే కార్లు సిద్ధం చేసే చోటికి, మనం నడిచి వెళ్లిపోవచ్చు. రాకెట్‌లా ఉండే స్ట్రీమ్‌లైనర్ల దగ్గర జనం మూగుతారు. నాకు మాత్రం పాత సెడాన్లు, రెండు తలుపుల కూపేలే ఇష్టం. అక్కడి పోటీల్లో గ్యాస్ కూపే అనే తరగతిలో ఇంజన్ మార్చుకోవచ్చు, ఒళ్లు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి. పైకప్పు కోసి దించడం కుదరదు. అలాంటప్పుడు మొదట్లోనే ఎవరు బాగా గీశారన్నదే లెక్క. డిజైనర్ రేమండ్ లోవీ స్టూడియోలో రాబర్ట్ బోర్క్ గీసిన ఈ స్టూడిబేకర్ ఎత్తు 56 అంగుళాలే. మా మేనమామ అంబాసిడర్ 63 అంగుళాల దాకా ఉంటుంది, టోపీ పెట్టుకుని కూర్చునేవాడు. ఇదేమో షోరూమ్ కోసం గీసిన కారు. గీసినవాళ్లకు అందం కావాలి, ఉప్పు మీద వాళ్లకు దొరికింది గాలిని కోసే ముక్కు. అందుకే ఇన్నేళ్లయినా అక్కడ స్టూడిబేకర్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఇప్పుడర్థమైందా నా బాధ? ఏ ముక్కు కోసం ఈ కారును ఎంచుకుంటారో, దాన్నే చెడగొట్టారు.

ఇంకోటి. పెట్టె మీద 350 షెవీ ఇంజన్ అని రాశారు, అంటే 350 క్యూబిక్ అంగుళాల షెవర్లే ఇంజన్. తలుపు మీద మాత్రం ఇంజన్ సైజును బట్టి ఇచ్చే తరగతి అక్షరం 'ఎ' వేశారు. 306 నుంచి 372.99 క్యూబిక్ అంగుళాల దాకా 'బి' అవుతుంది. బొమ్మే కదా అని వదిలేద్దామనుకున్నా, వల్ల కాలేదు.

బాగున్నవీ ఉన్నాయి లెండి. చక్రాల మీద అల్యూమినియం మూతలు చక్కగా కుదిరాయి, స్టీలు కంచం బోర్లించినట్టు. వెనక పారాషూట్ సంచి గుడ్డతోనే కుట్టారు. బంపర్ దగ్గర తోపుడు కడ్డీ కూడా పెట్టారు. గేర్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఈ కార్లు సొంతంగా కదలడానికి ఇబ్బంది పడతాయి, వెనక నుంచి ట్రక్కు నెట్టుకుంటూ వెళ్లి వదిలేస్తుంది. ఆ కడ్డీ పెట్టినవాడికి విషయం తెలుసు. వాడు ముందు చక్రాలు బిగించే రోజున సెలవులో ఉన్నాడేమో.

కొనాలా? షోకేసులో పైఅరలో పెట్టేవాళ్లయితే కొనేయండి, కింది నుంచి చూస్తే ఎలాగూ తెలియదు. నాలాంటి చాదస్తులైతే ఈ ధరకు వద్దు.

నేను మాత్రం ఊరుకోలేదు. అడుగున నాలుగు స్క్రూలు విప్పి, ముందు ఇరుసు కూర్చునే ప్లాస్టిక్ దిమ్మను ఆకురాయితో 4 మిల్లీమీటర్లు అరగదీశా. అసలు కారులో అయితే దాదాపు 3 అంగుళాలు దిగినట్టు. ఇదిగో, పళ్లెంలో కల్లుప్పు పోసి దాని మీద పెట్టా. ఇప్పుడు చూడండి ఆ వాలు! లైటు కొంచెం పక్కకు జరుపుతా ఉండండి...

వెనక నుంచి వినిపిస్తోందా? ఆ ఉప్పు మళ్లీ డబ్బాలో పోయొద్దంటోంది మా ఆవిడ.