చివరి వంద మిల్లీమీటర్లు: తక్కువ ధర టెలీ జూమ్‌ను ఎలా కొలవాలి

అందరికీ నమస్కారం.

ఇందాక హాల్లోకి వస్తుంటే మెట్ల దగ్గర ఒక అమ్మగారు నన్ను ఆపి అడిగారు. "బాబూ, మావాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. పక్షుల ఫొటోలు తీస్తానని లెన్స్‌కి పాతిక వేలు అడుగుతున్నాడు. ఆ డబ్బుకి పనికొచ్చేది వస్తుందా?" అని. ఆవిడ ఇప్పుడు రెండో వరసలో కూర్చున్నారు. అమ్మా, వస్తుందండీ. కాకపోతే పెట్టె మీద అంకె చూసి కొంటే రాదు. ఎలా కొంటే వస్తుందో చెప్పడానికే ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చాను.

ఆ ధరలో దొరికే టెలీ జూమ్‌లు, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే లెన్సులు, ఎక్కువగా 55-250 మిల్లీమీటర్లు, లేదంటే 70-300. షాపులో మనం డబ్బులిచ్చేది ఆ చివరి అంకెకే. 250 కన్నా 300 పెద్దది కాబట్టి 300 తెచ్చుకుంటాం. నా అనుభవంలో మాత్రం లెన్స్ విలువ వేరే చోట ఉంది. ఏ అంకె దాకా అది శుభ్రమైన బొమ్మ ఇస్తుందో, అక్కడి దాకానే దాని విలువ. 200 దాటగానే బొమ్మ మసకబారిపోయే 300 లెన్స్‌ని 200 లెన్స్ కిందే లెక్కగట్టాలి. చివరి వంద మిల్లీమీటర్లకు కట్టిన డబ్బు వృథా.

లెక్క వేసి చూద్దాం. మనందరికీ తెలిసిన, గుంటూరు దగ్గరి ఉప్పలపాడే తీసుకోండి. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. మీరు గట్టు మీద ఉన్నారు, గూడబాతు 60 మీటర్ల దూరంలో ఉందనుకోండి. నికాన్ క్రాప్ కెమెరాలో, అంటే చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలో, సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 300 దగ్గర పెడితే ఆ దూరంలో ఫ్రేములో పట్టేది 4.7 మీటర్ల వెడల్పు. 200 దగ్గర అయితే 7 మీటర్లు. ఇప్పుడు 24 మెగాపిక్సెళ్ల బొమ్మ అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటుంది. 200 దగ్గర తీసిన బొమ్మలోంచి, 300లో కనిపించేంత ముక్కనే కత్తిరిస్తే 4000 పిక్సెళ్లు మిగులుతాయి. స్టూడియోలో ఎనిమిది బై పన్నెండు ప్రింటు చక్కగా రావడానికి 3600 చాలు. అంటే 200 దగ్గర పదునుగా ఉన్న లెన్స్ చేతిలో ఉంటే, 300 దగ్గర మసకగా ఉండే లెన్స్ మీకు కొత్తగా ఇచ్చేది ఏమీ లేదు.

250కీ 300కీ ఉన్న తేడా కూడా ఇలాగే చూడండి. 60 మీటర్ల నుంచి 300తో ఎంత కనిపిస్తుందో, 50 మీటర్ల నుంచి 250తో అంతే కనిపిస్తుంది. పది మీటర్ల తేడా. గట్టు మీద ఆ పది మీటర్లు ముందుకు వెళ్లే వీలు లేని చోట్లు ఉంటాయి, కాదనను. కానీ 250 దగ్గర ముగిసే లెన్స్‌ని చిన్నచూపు చూడకండి. కెనాన్ 55-250 ఎస్‌టీఎం బరువు 375 గ్రాములు, 85 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ చేస్తుంది, చెయ్యి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ ఉంది. సీతాకోకచిలుకలూ తూనీగలూ తీసేవాళ్లకి ఆ 85 సెంటీమీటర్లు ఎంత మేలో తోటలోకి వెళ్తే తెలుస్తుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నా మొదటి టెలీ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మిట్టమధ్యాహ్నం షాపు బయట రోడ్డు మీద నాలుగు ఫొటోలు తీసి చూపించారు. కెమెరా వెనక చిన్న తెర మీద అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. మర్నాడు ఆదివారం, తెల్లవారి ఆరున్నరకి ఉప్పలపాడులో ఉన్నాను. రెండు వందల ఫొటోలు తీస్తే అన్నీ కదిలిపోయాయి. వారం తర్వాత మళ్లీ వెళ్లాను, మళ్లీ అంతే. దాదాపు ఏడాది పాటు లోపం నా చేతుల్లోనే ఉందనుకున్నాను. నాకు ఈ పని రాదేమో అనుకుని కెమెరా బీరువాలో పెట్టేసిన నెలలు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఈ హాల్లో కూర్చున్న పిల్లల్లో ఎవరైనా అలా అనుకుంటూ ఉంటే, దయచేసి ముందు లెక్క చూడండి. ఆ లెన్స్‌కి స్టెబిలైజేషన్ లేదు. పొద్దున్న వెలుతురు లేదు. నేను చేసిన తప్పల్లా మధ్యాహ్నం ఎండలో చూసి పొద్దుటి పనికి కొనడమే.

వెలుతురు లెక్క ఏమిటంటే, చేతిలో పట్టుకుని తీస్తే షట్టర్ వేగం లెన్స్ పొడుగుకి తగ్గట్టు ఉండాలి. 300ని క్రాప్ సెన్సర్ 1.5తో హెచ్చవేస్తే 450. అంటే కనీసం 1/500 సెకను. ఎఫ్ పక్కన అంకె ఎంత పెద్దదైతే లోపలికి వచ్చే వెలుతురు అంత తక్కువ. ఈ చవక లెన్సులు చివరి కొసకి వెళ్లేసరికి ఎఫ్/5.6కో, ఎఫ్/6.3కో చేరిపోతాయి. లక్షలు పెట్టి కొనే ఎఫ్/2.8 లెన్స్‌తో పోలిస్తే ఎఫ్/5.6లో నాలుగో వంతు వెలుతురే లోపలికి వస్తుంది, ఎఫ్/6.3లో ఐదో వంతు. అదే పొద్దున అదే చెట్టు దగ్గర ఎఫ్/2.8 ఉన్నాయన ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 400లో తీస్తుంటే, ఎఫ్/6.3తో మనం 2000కి వెళ్లాలి. ధరలో తేడా ప్రధానంగా ఇక్కడే ఉంది. 300 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/2.8 కావాలంటే ముందు గాజు 107 మిల్లీమీటర్లు ఉండాలి. ఎఫ్/5.6కి 54 చాలు. అంత పెద్ద గాజుని తప్పు లేకుండా అరగదీయడానికే ఆ డబ్బు. చవక లెన్స్ చేసినవాళ్లు మనల్ని మోసం చేయలేదు. చిన్న గాజు పెట్టారు, అంతే.

ఆ లోటుని చాలావరకు తీర్చేది స్టెబిలైజేషన్. ఎస్ఎల్ఆర్ కెమెరాలకి మొట్టమొదట స్టెబిలైజేషన్‌తో వచ్చిన లెన్స్ 1995లో కెనాన్ తెచ్చిన 75-300 జూమ్. అంటే ఈ సౌకర్యం మొదట వచ్చిందే మనం మాట్లాడుకుంటున్న ఈ రకం లెన్స్‌కి. అయినా ఈ రోజుకీ అది లేని టెలీలు అమ్ముతున్నారు. పేరులో రెండు అక్షరాలే తేడా. నికాన్ వాళ్లు స్టెబిలైజేషన్‌ని వీఆర్ అంటారు. నికాన్ ఏఎఫ్-పీ 70-300లో వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండూ ఉన్నాయి, చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. పెట్టె మీద వీఆర్ అని ఉందో లేదో వేలు పెట్టి చదవండి. ఇంకో జాగ్రత్త: ఏఎఫ్-పీ లెన్సులు డి90, డి3000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు. అన్నయ్య కెమెరా వాడుకుంటున్న తమ్ముళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకుని ఆపుతుంది. పిట్ట కదలికని ఆపదు. గూటి మీద కూర్చున్న కొంగని 1/60 సెకనులో కూడా తీయవచ్చు. ఎగిరే కొంగకి 1/1000 కావాల్సిందే, దానికి ఎండ రావాల్సిందే. నా పాత లెన్స్‌కి స్టెబిలైజేషన్ ఉండి ఉంటే ఆ ఏడాదిలో సగం బొమ్మలు దక్కేవి. అందుకే గట్టిగా చెబుతున్నాను. స్టెబిలైజేషన్ లేని 300 కన్నా, స్టెబిలైజేషన్ ఉన్న 250 మేలు.

ఇక పరీక్ష. దీనికి ఖరీదైన చార్టులు అక్కర్లేదు. తెలుగు దినపత్రిక చాలు. క్లాసిఫైడ్స్ పేజీ ఉన్న షీటు విప్పి, రెండు పేజీలూ కలిపి గోడకి ముడత లేకుండా అంటించండి. పది మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద కెమెరా పెట్టండి. 300 దగ్గర ఆ దూరంలో ఫ్రేము వెడల్పు 78 సెంటీమీటర్లు, విప్పిన పేపరు దాదాపు నిండుగా పడుతుంది. స్టెబిలైజేషన్ ఆపేయండి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ముందు అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, తర్వాత ఎఫ్/8లో, ఎఫ్/11లో తీయండి. తర్వాత జూమ్ 200కి తెచ్చి, పేపరు అంతే పెద్దగా కనిపించేదాకా ముందుకు జరిగి, మళ్లీ అవే తీయండి.

ఇంటికెళ్లి కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో చూడండి. మన లిపి ఈ పరీక్ష కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. "ద"కీ "ధ"కీ తేడా కింద ఒక చిన్న గీత. "ధ"కీ "థ"కీ తేడా లోపల ఒక చుక్క. "ప"కీ "ఫ"కీ తేడా కూడా కింద ఒక చిన్న గీతే. చిన్న అచ్చులో ఆ గీతా చుక్కా విడిగా కనిపిస్తే లెన్స్ అక్కడ బాగున్నట్టే. ఒత్తులు పై అక్షరంతో అతుక్కుపోయి ముద్దలా ఉంటే బాగోలేనట్టు. మధ్యలో చూడండి, నాలుగు మూలల్లోనూ చూడండి. మూలలు నాలుగూ సమానంగా కాస్త మెత్తగా ఉంటే పర్వాలేదు, పక్షి ఎప్పుడూ మూలన ఉండదు. ఒక్క మూలే మసకగా ఉందా, అప్పుడు అనుమానించండి. కెమెరాని నిలువుగా తిప్పి మళ్లీ తీయండి. మసక లెన్స్‌తోపాటే తిరిగితే లోపల గాజు వాలుగా కూర్చున్నట్టు, వాపసు చేసే గడువు లోపలే మార్చుకోండి. మసక గోడకి అదే వైపు ఉండిపోతే కెమెరాని మీరే వాలుగా పెట్టారు. ఒకే మోడల్‌లో రెండు లెన్సులు ఒకలా ఉండవు, చవక వాటిలో ఈ తేడా మరీ ఎక్కువ. అందుకే ఇంకెవరో తీసిన బొమ్మలు చూసి కాకుండా, మీరు కొన్న ఆ ఒక్క లెన్స్‌నే పరీక్షించండి.

300 దగ్గర పూర్తిగా తెరిచినప్పుడు మెత్తగా ఉండి, ఎఫ్/8లో తేరుకుంటే ఆ లెన్స్ ఉంచుకోండి. ఎండలో హాయిగా వాడుకోవచ్చు. ఎఫ్/11లో కూడా తేరుకోకపోతే వదిలేయండి. ఎఫ్/16 దాటితే ఏ లెన్స్ అయినా మెత్తబడుతుంది, అక్కడ చూసి తీర్పు చెప్పకండి. తెల్ల కొంగ రెక్క అంచున ఆకాశం వైపు ఊదారంగు గీత కనిపిస్తే దాన్ని చాలావరకు సాఫ్ట్‌వేర్‌లో తీసేయవచ్చు, దానికోసం లెన్స్‌ని తిరస్కరించక్కర్లేదు.

లెన్స్‌ది కాని తప్పు ఒకటి ఉంది. ఫిబ్రవరి, మార్చిలో మన చుట్టుపక్కల మిరప కల్లాల మీద మధ్యాహ్నం వేళ టెలీ పెట్టి చూడండి. నేల నుంచి సెగ లేస్తుంటుంది, గాలి నీళ్లలా కదులుతుంది. వంద మీటర్ల అవతల ఉన్న మనిషి ముఖం ఏ లెన్స్‌లోనూ పదునుగా రాదు, లక్షల లెన్స్‌లో కూడా. పొద్దున్నే వెళ్లండి, లేదా దగ్గరికి వెళ్లండి. మిర్చి యార్డులో తీసేవాళ్లు ఇంకో మాట వినండి. చవక జూమ్ తిప్పినప్పుడల్లా గొట్టం బయటికీ లోపలికీ వెళ్తుంది, దాంతోపాటు గాలినీ ధూళినీ లోపలికి పీలుస్తుంది. టిక్కీల (మిరప బస్తాల) మధ్య జూమ్‌ని ఒక పొడుగు దగ్గర పెట్టుకుని, దాన్ని తిప్పకుండా మీరే నడవండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెలిగించి లెన్స్ వెనక నుంచి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా కొనవద్దు. నాలుగు ధూళి రేణువులు ఉంటే పర్వాలేదు, బొమ్మలో కనిపించవు. మనది కృష్ణా తీరం, వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. తోలు సంచీలో వదిలేసిన లెన్స్‌కి ఫంగస్ తేలిగ్గా పట్టేస్తుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోండి. ప్లాస్టిక్ మౌంట్ చూసి భయపడకండి, ఇంత తేలిక లెన్స్‌కి అది సరిపోతుంది.

కూచిపూడి ప్రదర్శనలు తీయాలనుకునే చెల్లెళ్లు ఇద్దరు ముందే చీటీ పంపారు. అమ్మా, మీరు ఈ లెన్స్ కొనవద్దు. హాలు లోపల స్టేజీ లైట్ల కింద ఎఫ్/5.6 చాలదు. 50 ఎఫ్/1.8 కొనుక్కుని ముందు వరసలో కూర్చోండి. దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది, డబ్బూ మిగులుతుంది.

రెండో వరసలో అమ్మగారూ, మీ అబ్బాయి ఏ పొద్దున, ఏ చెరువు దగ్గర, ఎంత దూరం నుంచి తీస్తాడో ముందు అడగండి. ఈ మూడింటికీ జవాబు ఉన్న పిల్లవాడికి నమ్మి డబ్బు ఇవ్వవచ్చు.

వెనక గోడకి ఈ రోజు పేపరు అంటించి ఉంచాం. పది మీటర్ల దగ్గర నేల మీద సుద్దతో గీత గీశాం, ట్రైపాడ్ అక్కడే ఉంది. లెన్సులు తెచ్చుకున్నవాళ్లు వరసలో రండి. ముందు పాత లెన్సుల వాళ్లు.